ఆకాశము తప్పినదా? లెక్క తప్పినదా?

ఉగాదినాడు వేపపూవు పచ్చడి తిని, పిమ్మట పంచాంగ శ్రవణము చేయుట మన ఆచారము. బెంగుళూరులో స్థిరపడినవారైనను, చెన్నపట్నపువారైనను, బరంపురమువారైనను, షోలాపురపు మగ్గముల నడుమ మూడు నాలుగు తరములుగా బ్రదుకుచున్నవారైనను, గౌతమీ తీరమున యానాములో నున్నవారైనను ఆనాడు పంచాంగము విప్పక మానరు. ఆదాయ వ్యయములు, రాజపూజ్యావమానములు వినుటకు అందరికిని కుతూహలమే. కాని ఆ పుస్తకములో అంతకంటె విచిత్రమైన సంగతి యొకటి కలదు. రాబోవు గ్రహణము ఏ తేదీన, ఏ గంటకు, ఏ నిమిషమునకు పట్టునో, ఎప్పుడు విడుచునో అందు ముందుగనే అచ్చువేసి యుందురు. ఇంకను జరుగని సంగతిని అంత ధైర్యముతో అచ్చువేయుటకు ఆధారమేమి? నిన్న సూర్యచంద్రులను నడిపిన ధర్మమే రేపును నడుపునన్న నమ్మకము తప్ప వేరొకటి లేదు.

ఆ నమ్మకము నిజమేనా? ప్రకృతి ధర్మములు ఎన్నటికిని మారనివా, లేక కాలముతోపాటు అవియు మెల్లమెల్లగా మారునా? ఇది వేదాంతులకు మాత్రమే తగిన ప్రశ్నవలె తోచును. కాని గణకులును, ఖగోళజ్ఞులును, భౌతిక శాస్త్రజ్ఞులును అనేక శతాబ్దములుగా కొలతలతో తేల్చుకొన జూచిన ప్రశ్న యిది. ఆ చరిత్రను సంగ్రహముగా చెప్పుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ముందుగా ఒక భేదమును గుర్తింపవలెను. వస్తువులు మారుట వేరు, ధర్మము మారుట వేరు. కొండలు అరుగును, నదులు త్రోవ మార్చుకొనును, నక్షత్రములు సైతము పుట్టి గిట్టును. ఇవి యన్నియు చదరంగములో పావులు కదలుట వంటివి. ఏ రెండు ఆటలును ఒక్క తీరున సాగవు. అయినను గుఱ్ఱపు నడక తాతనాడెట్లో మనుమనినాడును అట్లే. మన ప్రశ్న పావులనుగూర్చి కాదు, గుఱ్ఱపు నడకనుగూర్చి. యుగములు గడచినకొలది ఆ నడకయే మారునా?

మారునేని మన చరిత్రకే చిక్కు వచ్చును. మన శాసనములలో చాలవాటియందు సూర్యగ్రహణ నిమిత్తమున భూమి దానమిచ్చితిమనియో, చంద్రగ్రహణ కాలమున ధారవోసితిమనియో వ్రాసియుండును. ఆ గ్రహణమును వెనుకకు లెక్కగట్టియే శాసనపు తేదీని సరిచూతురు. ఎల్. డి. స్వామికన్ను పిళ్ళగారు 1922లో ప్రచురించిన పంచాంగ పట్టికలు ఇట్టి పనికే నేటికిని ఉపయోగపడుచున్నవి. చంద్రుని నడిపిన ధర్మము నాడొకటి, నేడొకటి అయినచో ఆ తేదీలు నిలువవు. రాళ్ళ వయస్సు, ఎముకల వయస్సు, భూమి వయస్సు కూడ నిలువవు. గతమును చదువుకొనుటకు మన చేతనున్న తాళపుచెవి యదియొక్కటే.

మన గణకుల అనుమానము

ఈ ప్రశ్న మనవారికి క్రొత్తది కాదు. సూర్యసిద్ధాంతము ప్రారంభముననే ఒక మాట కలదు: పూర్వము చెప్పబడిన శాస్త్రమే యిది, యుగములు మారుటచేత కాలభేదము మాత్రమే కలిగినది అని. అనగా శాస్త్రము స్థిరము, కాలము గడచుటవలన మాత్రము తేడా వచ్చునని భావము. ఆ తేడా యెట్టిదో తరువాతి గణకులు అనుభవముమీద తెలిసికొనిరి. పాత సిద్ధాంతము ప్రకారము గుణించిన గ్రహము ఆకాశమున చెప్పిన చోట కనబడకుండెను. అప్పుడు వారు లెక్కకు కొంత కలిపియో తీసివేసియో సరిచేసికొనిరి. దీనినే బీజ సంస్కారమందురు. 1520 ప్రాంతమున గ్రహలాఘవమును రచించిన మహారాష్ట్ర గణకుడు గణేశ దైవజ్ఞుడు, పూర్వ సిద్ధాంతములు ఒకదానివెంట నొకటి ఎట్లు కాలక్రమమున సడలినవో చెప్పి, చూచినదానితో లెక్క సరిపోవలెనని పట్టుబట్టెను. ఒడిశాలో ఖండపడాకు చెందిన సామంత చంద్రశేఖరుడు (1835–1904) వెదురుతోను కఱ్ఱతోను చేసికొన్న సాధనములతో ఆకాశమును పరిశీలించి, చంద్రగతిలోని తేడాలను సవరించి, సిద్ధాంత దర్పణమును రచించెను. పురీ జగన్నాథుని ఆలయమున ఉత్సవములకు ఆయన గణితము ఆదరింపబడెను.

ఇక్కడ అనుమానింపదగినవి నాలుగు. చూచినవాని కన్ను పొరపడి యుండవచ్చును. లెక్క తప్పియుండవచ్చును. కాలమును కొలిచిన గడియారము తప్పియుండవచ్చును. ఈ మూడును సరియైనవని తేలినప్పుడే నాలుగవదియగు ప్రకృతి ధర్మముమీద అనుమానము పోవలెను. ఈ చరిత్ర అంతయు ఆ నలుగురిలో దోషి యెవరని జరిగిన విచారణయే.

మొదటి విచారణకు సాక్ష్యము మన పండుగలలోనే యున్నది. ఒడిశాలో మేష సంక్రాంతిని మహావిషువ సంక్రాంతి యందురు. తమిళుల చిత్తిరై నెల పుట్టుటయు ఆ దినములలోనే. విషువమనగా పగలును రాత్రియు సమానమైన దినము. కాని నేడు పగలు రాత్రి సమానమగుట మార్చి 20, 21 తేదీలలో. ఆ సంక్రాంతి వచ్చుట ఏప్రిల్ 14 ప్రాంతమున. పేరు విషువము, దినము విషువము కాదు! అట్లే సూర్యుడు నిజముగా ఉత్తరమునకు మరలుట డిసెంబరు 21, 22 తేదీలలో. మనము మకర సంక్రాంతిని చేసికొనుట జనవరి 14, 15 తేదీలలో.

ఇందు ఆకాశము చేసిన తప్పేమియు లేదు. సూర్యసిద్ధాంతపు సంవత్సరము 365.2588 దినములు. ఋతువులు తిరిగి వచ్చుటకు పట్టునది 365.2422 దినములు. భేదము ఏటికి ఇంచుమించు 24 నిమిషములు. అది అరువది యేండ్లకు ఒక దినమగును, పదునాలుగు వందల యేండ్లకు ఇరువదిమూడు దినములు దాటును. ఈ భేదములో పెద్ద భాగము అయన చలనము. తిరుగుచున్న బొంగరము తల ఊపినట్లు భూమి యొక్క అక్షము సుమారు 25,800 సంవత్సరముల కొకసారి చుట్టి వచ్చును. క్రీస్తుకు పూర్వము రెండవ శతాబ్దమున గ్రీకు ఖగోళజ్ఞుడు హిప్పార్కసు దీనిని గుర్తించెను. 1687లో న్యూటను తన గ్రంథమున దానికి కారణము చెప్పెను: భూమి నడిమి భాగమున ఉబ్బియున్నది; ఆ ఉబ్బును సూర్యచంద్రులు లాగుటచేత అక్షము మెల్లగా తిరుగును. పండు చెట్టునుండి పడుటకు ఏ ధర్మము కారణమో, మన విషువము జరుగుటకును అదియే కారణమయ్యెను. ధర్మము తప్పలేదు సరికదా, తప్పినట్లు కనబడిన దానినే అది వివరించెను.

1952లో భారత ప్రభుత్వము మేఘనాథ్ సాహా అధ్యక్షతను పంచాంగ సంస్కరణ సంఘమును నియమించెను. ఆ సంఘము 1955లో నివేదిక నిచ్చెను. దాని ఫలితముగా 1957 మార్చి 22 నుండి జాతీయ శక పంచాంగము అమలులోనికి వచ్చెను. ఈ సాహాగారు మన కథలో మరల కనిపింతురు.

చంద్రుని పరుగు

రెండవ విచారణ ఇంకను గడ్డుది. తోకచుక్కకు పేరు ఇచ్చిన ఎడ్మండ్ హాలీ 1695లో ఒక సందేహమును వెలిబుచ్చెను. పూర్వకాలపు గ్రహణముల తేదీలను, మధ్యకాలమున అరబ్బు పండితులు చూచిన గ్రహణములను, తన కాలపు చంద్రగతిని పోల్చిచూడగా చంద్రుడు వెనుకటికంటె వేగముగా నడచుచున్నట్లు తోచెను. 1749లో డంథోర్న్ అను గణకుడు దానిని లెక్కగట్టెను. శతాబ్దమునకు సుమారు 10 వికలలు. డిగ్రీలో మూడువేల ఆరువందలవ వంతు వికల. ఇది అతి స్వల్పమే. కాని ఈ తేడా కాలము యొక్క వర్గముతో పెరుగును. ఒక శతాబ్దమునకు పది వికలలైనచో ఇరువది శతాబ్దములకు నాలుగువేల వికలలు, అనగా ఒక డిగ్రీకి పైమాట. పూర్ణచంద్రుని వ్యాసము అర డిగ్రీయే గదా!

న్యూటను ధర్మము సరియైనచో చంద్రుడేల పరుగెత్తవలెను? 1787లో ఫ్రెంచి గణకుడు లాప్లాసు సమాధానము చెప్పెను. ఇతర గ్రహముల ఆకర్షణచేత భూమి కక్ష్య క్రమముగా మరింత గుండ్రబడుచున్నది, అందువలన చంద్రుని వేగము కొంచెము హెచ్చుచున్నది అని. లెక్కవేయగా ఇంచుమించు పది వికలలే వచ్చెను. లోకము సంతోషించెను, కథ ముగిసెననుకొనెను.

ముగియలేదు. నెప్ట్యూను గ్రహపు ఉనికిని గణితముతో ఊహించినవారిలో ఒకడైన ఇంగ్లీషువాడు ఆడమ్సు 1853లో ఆ లెక్కను మరల చేసి, లాప్లాసు కొన్ని అంశములను వదలివేసెనని చూపెను. వానిని చేర్చినచో ఫలము ఆరు వికలలు మాత్రమే. ఫ్రాన్సులో పెద్ద దుమారము చెలరేగెను. లాప్లాసు లెక్కను కాదనుట వారికి రుచింపలేదు. తుదకు వారిలోనివాడే డెలానే వేరొక పద్ధతితో లెక్కవేసి, ఆడమ్సు చెప్పినదే నిజమనెను. కావున సుమారు సగము పరుగునకు కారణము మరల తెలియకుండ పోయెను.

ఇక దోషి యెవరు? 1865లో డెలానేయే దారి చూపెను: పరుగెత్తుచున్నది చంద్రుడు కాదు, వెనుకబడుచున్నది మన గడియారము. ఆ గడియారము భూమియే. సముద్రపు ఆటుపోట్ల రాపిడిచేత భూమి తిరుగుట నానాటికి మందగించుచున్నది. దినము పొడుగగుచున్నది. పొడుగైన దినముతో కొలిచినప్పుడు చంద్రుడు అదే కాలములో ఎక్కువ దూరము నడచినట్లు కనబడును. ఇట్టి రాపిడి యుండవలెనని తత్త్వవేత్త కాంటు 1754లోనే వ్రాసియుండెను. అప్పుడు ఎవరును పట్టించుకొనలేదు. 1939లో ఇంగ్లండు రాజ ఖగోళజ్ఞుడు స్పెన్సర్ జోన్సు సూర్యుని, చంద్రుని, బుధుని గతులలోని చిల్లర తేడాలను కలిపి పరిశీలించెను. అవి వాని వాని వేగమునకు తగినట్లే యుండెను. అంతమంది ఒక్కసారి తప్పు నడచుటకంటె చూచువాని గడియారమొక్కటే తప్పు నడచుట సహజము గదా!

దినము పొడుగగుట శతాబ్దమునకు రెండు మిల్లీసెకనులకు లోపే. కాని రోజు రోజును కూడుకొని అది కొండయగును. దీనికి బాబిలోను మట్టిపలకలే సాక్ష్యము. క్రీ.పూ. 136 ఏప్రిల్ 15న అచ్చట సంపూర్ణ సూర్యగ్రహణము కనబడెనని వానిపై చెక్కియున్నది. భూమి నేటి వేగముననే నాడును తిరిగియుండినచో ఆ గ్రహణపు నీడ అచ్చట పడరాదు; సుమారు 49 డిగ్రీలు పడమటగా పడవలెను. 49 డిగ్రీలు తిరుగుటకు భూమికి మూడుంబావు గంటలు పట్టును. రెండువేల యేండ్లలో భూమి యను గడియారము అంత వెనుకబడినదన్నమాట.

1969 జూలైలో అపోలో 11 యాత్రికులు చంద్రునిపై అద్దముల పలక నొకటి వదలి వచ్చిరి. భూమినుండి లేజరు కాంతి పంపి, అది తిరిగివచ్చు కాలమును కొలువగా, చంద్రుడు ఏటికి 3.8 సెంటీమీటర్లు దూరమగుచున్నాడని తేలెను. భూమి పోగొట్టుకొన్న తిరుగుడు చంద్రుని కక్ష్యకు జమయగుచున్నది. లెక్క సరిపోయెను. హాలీ సందేహము మొదలుకొని రెండు వందల డెబ్బది యేండ్లకు పైగా సాగిన వ్యాజ్యములో న్యూటను ధర్మము నిర్దోషియై వెలువడెను. దోషి గడియారమని తేలెను. అందుచేతనే 1967లో సెకనును భూమినుండి తప్పించి, సీసియము పరమాణువు యొక్క 9,192,631,770 కంపనములుగా నిర్ణయించిరి.

గుంటూరు గ్రహణము

ఇంతవరకు సూర్యచంద్రుల మాట. దూరపు నక్షత్రములలోను ఇవే ధర్మములా? ఈ ప్రశ్న కాలమునకును సంబంధించినదే. ఏలన కాంతి ప్రయాణమునకు కాలము పట్టును. ఎంత దూరము చూచిన అంత వెనుకటి కాలమును చూచినట్లే.

ఇందు మన దేశపు పాత్ర చిన్నది కాదు. ప్రతి మూలద్రవ్యమును వేడిచేసినప్పుడు వెలువడు కాంతిలో దానికే చెందిన గీతలు కనబడునని 1859, 60 సంవత్సరములలో జర్మనీలో కిర్కాఫ్, బున్సెనులు చూపిరి. మనిషికి వేలిముద్ర యెట్లో మూలద్రవ్యమునకు ఆ గీతలట్లు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము మన దేశము మీదుగా పోయెను. ఫ్రాన్సునుండి జాన్సెన్ గుంటూరు వచ్చెను. మదరాసు వేధశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నమునకును, అదే వేధశాలలోని చింతామణి రఘునాథాచారిగారు వనపర్తికిని వెళ్ళిరి. నేటి కర్ణాటకలోని జమఖండి యొద్ద హెర్షెలు వంశీయుడొకడు నిలిచెను. సూర్యుని అంచున లేచిన మంటల కాంతిలో ఉజ్జ్వలమైన గీతలు కనబడెను. అవి యెంత ప్రకాశముగా నుండెననగా, గ్రహణము లేకున్నను వానిని చూడవచ్చునని జాన్సెన్ గ్రహించి, మరునాడే గుంటూరులో చూచెను.

ఆ గీతలలో పసుపుపచ్చనిది యొకటి భూమిపై తెలిసిన ఏ మూలద్రవ్యమునకును చెందలేదు. సూర్యునియందు వేరు ధర్మమున్నదా? అట్లు అనుకొనుటకు అది మంచి అవకాశమే. కాని శాస్త్రజ్ఞులు తొందరపడక, క్రొత్త మూలద్రవ్యముండవచ్చునని యెంచి దానికి హీలియమని పేరు పెట్టిరి. 1895లో రామ్సే భూమిపైననే, యురేనియపు ఖనిజములో ఆ వాయువును పట్టుకొనెను. గీత సరిగా అదే చోట నుండెను.

నక్షత్రములలో కొన్నింటి గీతలు ఒక తీరుగను, కొన్నింటివి మరియొక తీరుగను ఉండుటకు కారణము 1920లో మేఘనాథ్ సాహా చెప్పెను. అచ్చటి ద్రవ్యము వేరు కాదు, ధర్మమును వేరు కాదు. ముఖ్యముగా వేడిమిలోనే భేదము. వేడిమి హెచ్చినకొలది పరమాణువులనుండి ఎలక్ట్రానులు విడిపోవుటచే గీతలు మారును. నక్షత్రముల లెక్క చక్కబెట్టిన ఆయనయే తరువాత మన పంచాంగపు లెక్కను చక్కబెట్టుటకు పూనుకొనుట ముచ్చటయైన సంగతి.

ధర్మముమీదనే అనుమానము

ఇరువదవ శతాబ్దమున ప్రశ్న సూటిగా నాలుగవ ముద్దాయివైపే తిరిగెను. 1911లో బొలోన్యా నగరమున ఫ్రెంచి గణితజ్ఞుడు ప్వాంకారే "ధర్మముల పరిణామము" అను విషయముపై ఉపన్యసించెను. ఆయన వాదము సూక్ష్మమైనది. గతమును మనము నేరుగా చూడలేము. నేటి గుర్తులనుండి ధర్మముల సాయముతో ఊహింతుము. ఆ ధర్మములే నాడు వేరుగా నుండెనని చెప్పుటకును మరికొన్ని ధర్మములను స్థిరములుగా పట్టుకొనవలెను. అన్నియు ఒక్కసారి మారినచో కనిపెట్టుటకు ఆధారమే లేదు. నావ కదలుచున్నదని తెలియుటకు గట్టు నిలిచియుండవలెను గదా.

1937లో ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు డిరాక్ ధైర్యముగా ఒక అడుగు వేసెను. ప్రోటానుకును ఎలక్ట్రానుకును నడుమనున్న విద్యుదాకర్షణ గురుత్వాకర్షణకంటె ఎన్నిరెట్లు బలమైనదో తెలుపు సంఖ్య సుమారు 1 ప్రక్కన 39 సున్నలు. విశ్వము యొక్క వయస్సును పరమాణు కాలమానముతో కొలిచినను అంతటి సంఖ్యయే వచ్చును. ఇంత పెద్ద సంఖ్యలు రెండు కాకతాళీయముగా కలియునా? విశ్వపు వయస్సు పెరుగుచుండును గనుక మొదటి సంఖ్యయు పెరుగవలెను. అనగా గురుత్వాకర్షణ నానాటికి బలహీనమగుచుండవలెను. ఇదియే ఆయన ఊహ.

దీనిని ఖండించుటకు 1948లో టెల్లర్ శిలాజములను సాక్ష్యము పిలిచెను. పూర్వము గురుత్వము హెచ్చుగా నుండినచో సూర్యుడు మిక్కిలి తేజస్సుతో మండియుండవలెను, భూమి అతనికి దగ్గరగా తిరిగియుండవలెను. అప్పటి లెక్కల ప్రకారము ఇరువది ముప్పది కోట్ల సంవత్సరముల క్రిందట సముద్రములు మరిగియుండవలెను. కాని అంతకు పూర్వమే సముద్రములలో జీవులు సుఖముగా నున్నట్లు రాళ్ళు చెప్పుచున్నవి. తరువాత విశ్వము అనుకొన్న దానికంటె పెద్ద వయస్సుదని తేలుటతో డిరాక్ ఊహకు కొంత ఊపిరి దొరకెను. తుది తీర్పు కొలతలే చెప్పినవి. విశ్వము వయస్సు సుమారు 1,380 కోట్ల సంవత్సరములు. డిరాక్ చెప్పినట్లయినచో గురుత్వము ఏటికి ఇంచుమించు అన్ని కోట్లలో ఒక పాలు తగ్గవలెను. 1976లో అంగారకునిపై దిగిన వైకింగ్ నౌకల రేడియో సంకేతములును, చంద్రునిపైనున్న అద్దములును అంత మార్పు లేదని తేల్చినవి. మార్పు ఉన్నను అది ఏటికి లక్ష కోట్లలో ఒక పాలుకంటె తక్కువయే.

డిరాక్ ఊహ తప్పినను వ్యర్థము కాలేదు. ధర్మము స్థిరమా అను ప్రశ్నను కొలువదగిన ప్రశ్నగా మార్చినది ఆయనయే.

అడవిలోని అణుకొలిమి

1972లో ఫ్రాన్సులోని ఒక యురేనియపు కర్మాగారమున చిన్న వింత కనబడెను. ఎచ్చట త్రవ్వినను యురేనియములో 235 అను రకము నూటికి 0.720 పాళ్ళుండును. ఆఫ్రికాలో గాబన్ దేశపు ఓక్లో గనినుండి వచ్చిన దానిలో 0.717 మాత్రమే యుండెను. పరిశోధింపగా, సుమారు 200 కోట్ల సంవత్సరముల క్రిందట ఆ గనిలో మనుష్య ప్రయత్నము లేకయే అణుకొలిమి మండెనని తేలెను. ఆ కాలమున 235 రకము నూటికి మూడు పాళ్ళకు పైగా నుండెను. భూమిలో ఊరిన నీరు తోడయ్యెను. ఇట్టిది జరుగవచ్చునని 1956లోనే జపానుకు చెందిన కురోడా ఊహించియుండెను.

ఆ బూడిదయే పాతకాలపు సాక్షి. సమేరియము 149 అను పదార్థము న్యూట్రానులను ఆత్రముగా మ్రింగును. ఆ మ్రింగుడు శక్తుల నడుమ అతి సున్నితమైన తూకముమీద ఆధారపడియుండును. విద్యుద్బలము ఏ మాత్రము వేరుగా నున్నను ఆ తూకము చెడి, సమేరియము బూడిదలో మిగిలిపోయియుండవలెను. అది నేడెట్లో నాడును అట్లే మ్రింగబడెను. దీనినుండి 1976లో లెనిన్‌గ్రాడుకు చెందిన ష్ల్యాఖ్తర్ ఒక తీర్మానము చేసెను. ఇతరులు తరువాత సవరించి చూచిరి. 200 కోట్ల యేండ్లలో విద్యుద్బలము మారినను, కోటిలో ఒక పాలుకు మించి మారలేదు.

ఇంకను వెనుకకు పోవుటకు దూరపు జ్యోతులగు క్వాసారులు కలవు. గుంటూరులో చూచినట్టి గీతలే వాని కాంతిలోను చూతురు. 1999లోను, తరువాతను జాన్ వెబ్ బృందమువారు, వెయ్యి కోట్ల యేండ్ల క్రిందటి వరకు పోయిన కాంతిలో విద్యుద్బలము లక్షలో అర పాలుకు కొంచెము మించి తక్కువగా కనబడుచున్నదని ప్రకటించిరి. లోకము ఉలికిపడెను. 2004లో పూనాలోని ఖగోళ శాస్త్ర కేంద్రమునకు చెందిన శ్రీయానంద్, చంద్ గార్లు ఫ్రెంచి సహచరులతో కలిసి వేరొక దూరదర్శినితో చూచి మార్పు లేదనిరి. వారి గణన పద్ధతిమీదను ఆక్షేపణలు వచ్చెను. తరువాత దూరదర్శినులకు కట్టిన వర్ణపట సాధనములలోనే కొలబద్ద కొంచెము వంకరగా నున్నదని తేలెను. కనబడిన మార్పులో చాల భాగమునకు అదియే కారణమై యుండవచ్చును. మరల మొదటి ముద్దాయియే, చూచినవాని కన్ను!

2008లో అమెరికాలో అల్యూమినియము, పాదరసము పరమాణువులతో చేసిన రెండు గడియారములను ప్రక్కప్రక్కన నడిపిరి. విద్యుద్బలము మారుచున్నచో రెండింటికిని తేడా రావలెను. ఏటికి వెయ్యి కోట్ల కోట్లలో రెండు మూడు పాళ్ళవరకు చూచినను మార్పు కనబడలేదు.

తేలినదేమి?

ఇంతవరకు జరిగిన ప్రతి విచారణలోను దోషి కన్నో, లెక్కయో, గడియారమో అయినది. ధర్మము ఒక్కసారియు దోషి కాలేదు. కాని ఈ తీర్పును సరిగా చదువవలెను. "ధర్మము ఎన్నటికిని మారదు" అని ఎవరును నిరూపింపలేదు. "మారినను ఇంతకంటె తక్కువగా మారును" అని మాత్రమే నిరూపించిరి. ఆ హద్దు తరతరమునకు చిన్నదగుచున్నది. అంతకు మించి చెప్పుట నమ్మకము, శాస్త్రము కాదు.

వ్యాజ్యము మూతపడలేదు కూడ. విశ్వము వ్యాకోచించుటను వేగపరచు డార్క్ ఎనర్జీ యను శక్తి కాలక్రమమున బలహీనమగుచున్నదేమో యని, అమెరికాలోని అరిజోనా కొండపైనుండి లక్షలాది నక్షత్రమండలములను కొలిచినవారు 2024, 2025 సంవత్సరములలో సూచించిరి. అది ఇంకను నిశ్చయము కాలేదు. నిశ్చయమైనను శాస్త్రము కూలదు. డిరాక్ ఊహను చూడుడు. గురుత్వము తగ్గుచున్నదని ఆయన అనినప్పుడు, ఏ లెక్కన తగ్గుచున్నదో కూడ చెప్పెను. ఆ లెక్క ఆయనకు స్థిరమే. ఒకటి మారుచున్నదని తేలిన చోట, ఆ మార్పును నడుపు వేరొక ధర్మము కొరకు అడుగున వెదకుట మనుష్యుని స్వభావము. అయన చలనము తెలిసిన నాడు విషువము స్థానము మారెను. న్యూటను ధర్మము మారలేదు.

మన గణేశ దైవజ్ఞుడు, సామంత చంద్రశేఖరుడు, రఘునాథాచారి చేసిన పని ఇదియే. లెక్క గొప్పదని ఆకాశమును కాదనలేదు. ఆకాశము తప్పినదని లెక్కను పారవేయనులేదు. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచిరి.

దేశాంతరములలో నున్న మనకు ఈ పని చేసికొనుటకు మంచి అవకాశము కలదు. పంచాంగములో అచ్చువేసిన సూర్యోదయము ఏదో యొక ఊరికి గుణించినది. బరంపురమున సూర్యుడు లేచిన ముప్పదియైదు నిమిషములకు గాని షోలాపురమున లేవడు. ఒకే పంచాంగము ఇద్దరి గోడలకును వ్రేలాడుచున్నను తమ తమ ఊరికి సవరించుకొననిచో ఇద్దరిలో ఒకరికైనను తప్పును. చంద్రగ్రహణము మాత్రము అట్లు కాదు. అది కనబడు ప్రతి ఊరిలోను ఒక్క నిమిషముననే పట్టును. ఈసారి చంద్రగ్రహణము వచ్చినప్పుడు పిల్లలను మేడమీదికి తీసికొనిపోయి, గడియారము చేతికిచ్చి, స్పర్శకాలమును వారిచేతనే వ్రాయింపుడు. దూరముననున్న బంధువులచేతను అట్లే వ్రాయించి, ఉత్తరములలోనో ఫోనులోనో పోల్చుకొనుడు. తేడా వచ్చినచో కన్నును, లెక్కను, గడియారమును వరుసగా విచారింపుడు. ఆ పిల్లలలో ఒకరైనను ఒకనాడు నాలుగవ ముద్దాయిని విచారింపగలవారగుదురు గాక.

నూతన సంవత్సరము మీకందరికిని శుభమును, ఆరోగ్యమును చేకూర్చుగాక.